పరిమిత బడ్జెట్‌లో తొలి రోడ్ సైకిల్: 4 ఏళ్లు, 14,000 కిలోమీటర్ల తరువాత

విశాఖపట్నంలో 2021లో నేను కొన్న తొలి రోడ్ సైకిల్ మీద ఈ నాలుగేళ్లలో 14,000 కిలోమీటర్లు తిరిగాను. అప్పుడు నా చేతిలో ఉన్న మొత్తం 45,000 రూపాయలు, అందులో సైకిల్‌కు పెట్టినది 36,500. ఆ మోడల్ ఇప్పుడు అవే భాగాలతో రావడం లేదు కనుక దాని పేరు కంటే, ఏ భాగం ఎన్నాళ్లు నిలిచింది, ఏది నన్ను ఇబ్బంది పెట్టింది అన్న వివరాలే కొత్తగా కొనేవారికి పనికివస్తాయని భావిస్తున్నాను. అల్యూమినియం ఫ్రేమ్, ముందు చక్రాన్ని పట్టే కార్బన్ ఫోర్క్, పెడల్ దగ్గర 50, 34 పళ్ల చైన్‌రింగులు (గొలుసు తిరిగే పళ్ల చక్రాలు), వెనుక 11 నుంచి 28 పళ్ల వరకు 8 గేర్ల క్యాసెట్ (పళ్ల చక్రాల వరుస), షిమానో కంపెనీ క్లారిస్ శ్రేణి షిఫ్టర్లు (గేర్లు మార్చే మీటలు), చక్రం అంచును నొక్కి ఆపే రిమ్ బ్రేకులు, 25 మిల్లీమీటర్ల టైర్లు. బరువు పదిన్నర కిలోలకు కొంచెం తక్కువ.

నేను తీసుకున్న నిర్ణయాలన్నింటిలో ఈనాటికీ సంతోషం కలిగించేది ఫ్రేమ్ సైజు విషయంలో వేచి ఉండటం. నా ఎత్తు 165 సెంటీమీటర్లు. కోవిడ్ కారణంగా ప్రపంచమంతటా సైకిళ్లకు కొరత ఏర్పడిన రోజులవి. దుకాణంలో 56 సైజు ఒక్కటే మిగిలి ఉంది, హ్యాండిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే స్టెమ్ పొట్టిది వేసి సీటు ముందుకు జరిపితే సరిపోతుందని అక్కడివారు నచ్చజెప్పారు. సీటును పెడల్‌కు, మోకాలికి కుదిరేలా అమర్చుకోవాలి తప్ప, ఫ్రేమ్ పొడవును కప్పిపుచ్చడానికి ముందుకు జరపకూడదు. పైగా స్టెమ్ బాగా పొట్టిదైతే హ్యాండిల్ తిరిగే తీరే మారిపోతుంది. 52 సైజు కోసం ఏడు వారాలు ఆగాను. అదే సమయంలో పెద్ద సైజు తీసుకున్న నా మిత్రుడొకరు మెడనొప్పి భరించలేక ఎనిమిది నెలలకే సైకిల్‌ను నష్టానికి అమ్ముకున్నారు. టైరు, గొలుసు, సీటు, చివరికి చక్రాలు కూడా జీతం వచ్చిన నెలలో ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. ఫ్రేమ్‌ను మార్చడమంటే మళ్లీ సైకిల్ కొనడమే.

మొదట నేను చూసినది 22,000 రూపాయల సైకిల్. దాని వెనుక చక్రానికి 7 గేర్ల ఫ్రీవీల్ ఉంది, అంటే పళ్ల చక్రాలు, వాటిని తిప్పే యంత్రాంగం ఒకే ముక్కగా ఉండి హబ్‌కు (చక్రం మధ్య భాగానికి) బిగించే పాత రకం. ఫ్రీవీల్ హబ్‌లో బేరింగ్ లోపలి వైపుకు ఉండిపోవడం వల్ల, గేర్లున్న వైపు ఇరుసు చాలా దూరం ఆధారం లేకుండా ఉంటుంది. గుంతలు పడిన రోడ్ల మీద ఆ ఇరుసు వంగడమో విరగడమో అరుదైన సంగతి కాదు. క్యాసెట్ పట్టే హబ్‌లో కుడి బేరింగ్ దాదాపు అంచుదాకా ఉంటుంది కనుక ఆ భయం తక్కువ. బడ్జెట్ ఎంత బిగుతుగా ఉన్నా, వెనుక ఉన్నది ఫ్రీవీలా, క్యాసెట్టా అని అడిగి తెలుసుకున్న తరువాతే డబ్బు చెల్లించాలని నా గట్టి అభిప్రాయం. ప్రకటనలో క్లారిస్ అని ఉన్నంత మాత్రాన అన్ని భాగాలూ ఆ శ్రేణివే కానక్కరలేదన్నది కూడా గమనించాలి. నా సైకిల్‌లో క్రాంకు (పెడళ్లు బిగించే చేతులు), బ్రేకులు వేరే చవక రకం. క్రాంకు మధ్యనున్న బేరింగుల భాగం, బాటమ్ బ్రాకెట్, 9,000 కిలోమీటర్ల దగ్గర, ఒక వర్షాకాలం ముగిసేసరికి కిర్రుమనడం మొదలుపెట్టింది, మార్చవలసి వచ్చింది.

నేను పొరబడినది గేర్ల విషయంలో. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్లే రోడ్డులో తెన్నేటి పార్కు, రుషికొండ దగ్గరి ఎత్తులు 28 పళ్లతో సాఫీగానే ఎక్కగలిగాను కానీ, సింహాచలం ఘాట్ రోడ్డులో మాత్రం మోకాళ్లు మొరాయించాయి. 34 పళ్ల చైన్‌రింగు, 28 పళ్ల క్యాసెట్ కలిస్తే పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు సైకిల్ సుమారు 2.6 మీటర్లు ముందుకు కదులుతుంది, వెనుక 32 పళ్లుంటే ఆ దూరం 2.3 మీటర్లకు దగ్గరగా తగ్గుతుంది. కాగితం మీద స్వల్పంగా కనిపించే ఈ తేడా, ఎక్కడంలో దిగి నడిపించుకుంటూ వెళ్లడానికీ, నెమ్మదిగానైనా కూర్చొని తొక్కుకుంటూ చేరడానికీ మధ్యనున్న తేడా. రెండో ఏడాది 32 పళ్ల క్యాసెట్ వేయించాను. గొలుసును ఒక గేరు నుంచి మరో గేరుకు జరిపే వెనుక డిరైల్లర్ దానికి చాలదు కనుక, గొలుసును బిగువుగా పట్టే కేజ్ పొడవుగా ఉన్నది కూడా కొనవలసి వచ్చింది. కొనేటప్పుడే అడిగి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

రోడ్ సైకిల్ అవసరమా, తిన్నని హ్యాండిల్‌తో కాస్త నిటారుగా కూర్చొని తొక్కే హైబ్రిడ్ సరిపోదా అని చాలామంది అడుగుతారు. వేసవిలో మా తీరం వెంట గాలి నైరుతి నుంచి వీస్తుంది. భీమిలి వెళ్లేటప్పుడు వెన్నుతట్టి తోసే ఆ గాలే తిరుగు ప్రయాణంలో ఎదురు నిలుస్తుంది. అప్పుడు రోడ్ సైకిల్‌కు ఉండే, కిందికి వంగిన డ్రాప్ హ్యాండిల్ కింది భాగం పట్టుకొని వంగి తొక్కగలగడం వల్ల ఎంత శ్రమ తగ్గుతుందో, ఇరవై అయిదు కిలోమీటర్ల దూరం ఎదురుగాలిలో తొక్కినవారికే తెలుస్తుంది. సైకిల్ రోజూ ఊళ్లోనే తిరిగేదైతే మాత్రం హైబ్రిడ్డే మేలు.

సముద్రపు గాలి చేసే హాని నేను ఊహించినదానికంటే ఎక్కువ. తుడవకుండా రెండు రోజులు వదిలేస్తే చాలు, గొలుసు ఎర్రబారుతుంది. నీళ్ల సీసా పట్టే బాటిల్ కేజ్ మరలు మొదటి ఏడాదే తుప్పు పట్టి బిగిసిపోయాయి. ఇప్పుడు బీచ్ రోడ్డు నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, గొలుసుకు నూనె వేసి, పైకి కనిపించే నూనెను తుడిచేస్తాను. ఇంత శ్రద్ధ తీసుకున్నా ఇప్పటికి మూడు గొలుసులు మార్చాను. 8 గేర్ల గొలుసు వెయ్యి రూపాయల లోపే దొరకడం నాకు పెద్ద ఊరట, ఎందుకంటే 11 గేర్ల సైకిల్ వాడే మిత్రులు దానికి రెట్టింపు కంటే ఎక్కువే పెడుతున్నారు.

25 మిల్లీమీటర్ల టైర్లకు తరచూ పంక్చర్లు పడేవి. గుంత అంచుకు తగిలి ట్యూబు రిమ్‌కూ రోడ్డుకూ మధ్య నలిగి, పాము కాటులా రెండు రంధ్రాలు పడేవి. 28 మిల్లీమీటర్ల టైర్లకు మారి, గాలి ఒత్తిడిని 100 పీఎస్ఐ నుంచి 75కి తగ్గించాక ఏడాదికి రెండు మూడుకు మించలేదు. రోడ్డు పక్కన ఉండే పంక్చర్ దుకాణాల పంపు రోడ్ సైకిల్ ట్యూబుకు ఉండే సన్నని ప్రెస్టా వాల్వుకు పట్టదు కనుక, చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి ఎప్పుడూ సీటు కింది సంచిలో ఉంచుతాను.

మిగిలిన 8,500 రూపాయల్లో హెల్మెట్, గేజ్ ఉన్న పంపు, ముందు వెనుక లైట్లు, రెండు ట్యూబులు, అలెన్ కీల సెట్ వచ్చాయి. ఆ డబ్బు కూడా సైకిల్‌కే కలిపి క్లారిస్ కంటే ఒక మెట్టు పైనున్న షిమానో సోరా శ్రేణిది తీసుకోవాలని ఆనాడు చాలా ఊగిసలాడాను. తీసుకొని ఉంటే మొదటి పంక్చర్‌కే సైకిల్ వారం రోజులు ఇంట్లో పడి ఉండేది.

బ్రేకుల విషయంలో మాత్రం నాకు ఇంకా అసంతృప్తి ఉంది. వానలో సింహాచలం నుంచి దిగుతున్నప్పుడు పాత బ్రేక్ రబ్బర్లు పట్టు దొరికేలోపే భయపెట్టేంత దూరం జారిపోయేవి. మంచి రబ్బర్లు వేశాక చాలావరకు నయమైంది. వాటిలో ఇరుక్కునే ఇసుక రేణువులను నెలకోసారి సూదితో తీయకపోతే రిమ్ గీసుకుపోతుంది. రిమ్ ఎంత అరిగిందో చూపే నా రిమ్‌ల అరుగుదల గుర్తులు ఇప్పటికే మాసిపోయే దశకు వచ్చాయి. వచ్చే వానల్లోగా వెనుక చక్రమైనా కొత్తది కట్టించాలి.