గల్ఫ్ ‘ఫుల్ ప్యాకేజీ’లో ఇన్సూరెన్స్ ఉందంటే, ఆ కాగితం చదివాకే డబ్బు కట్టండి

సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు నుంచి దుబాయ్ పనులకు వెళ్లడానికి ఏజెంట్లకు డబ్బు కట్టబోతున్నవాళ్లు ఇది పూర్తిగా చదవండి. వీసా, టికెట్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఒకే రేటుకి అమ్ముతున్నారు. మా తమ్ముడికీ అలాగే అమ్మారు. అక్కడ వాడికి ఒంట్లో బాగోలేనప్పుడు ఆ ఇన్సూరెన్స్ నుంచి ఒక్క రూపాయి రాలేదు.

తమ్ముడు వెల్డర్. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి వాడిది ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే గల్ఫ్ లాంటి దేశాలకు పనికి వెళ్లేముందు మన ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టు. “ముందు విజిట్ వీసా మీద వెళ్తాడు, దిగాక కంపెనీ వీసా మార్చేస్తుంది, ఇన్సూరెన్స్ కూడా ఇందులోనే ఉంది, మీకేం టెన్షన్ వద్దు బాబూ” అన్నాడు ఏజెంట్. డబ్బు మొత్తం చేతికే తీసుకున్నాడు, రసీదు ఇవ్వలేదు.

కంపెనీ వీసా మార్చలేదు. ఒకరోజు తమ్ముడికి పొత్తికడుపులో కుడిపక్క నొప్పి మొదలైంది, వాంతులు, చలిజ్వరం. క్యాంపులో సూపర్‌వైజర్ గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోమన్నాడట. రాత్రికి లేవలేకపోతే రూములో ఉండే టెక్కలి కుర్రాళ్లే టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పటికే అపెండిక్స్ పగిలిపోయింది. కౌంటర్‌లో ఎమిరేట్స్ ఐడీ (అక్కడ ఉండేవాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డు) అడిగారు, లేదు. ఇన్సూరెన్స్ అడిగారు. ఏజెంట్ ఇచ్చిన కాగితాన్ని ఆ కుర్రాళ్లు నాకు వాట్సాప్‌లో పంపారు. పెద్దది చేసి చూస్తే, అది టూరిస్టులకు ఇచ్చే పాలసీ. ముప్పై రోజులకే తీసుకున్నారు, గడువు ఎప్పుడో అయిపోయింది. గడువు ఉన్నా లాభం లేదు, కూలి పని చేసేవాళ్లకు వర్తించదని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

డాక్టర్లు ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు, వాళ్లకు దండం పెట్టాలి. బిల్లు మాత్రం మాకే వచ్చింది. వాడు మా మనిషే కాదంది కంపెనీ. “రోగం వస్తే నేనేం చేస్తాను” అన్నాడు ఏజెంట్. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి డబ్బు పంపాం.

అసలు జరగాల్సింది ఇది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో యూఏఈకి (దుబాయ్ ఉన్న దేశానికి) పనికి వెళ్లేవాళ్లు ఎంప్లాయ్‌మెంట్ వీసా మీద, భారత ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్స్ తీసుకుని వెళ్లాలి. అలా వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా యోజన అనే ప్రభుత్వ ఇన్సూరెన్స్ తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు, వైద్యానికి లక్ష వరకూ ఇస్తారు. అక్కడి బిల్లులకు లక్ష ఏ మూలకీ చాలదు, నిజమే. అందుకే కంపెనీ తీసే హెల్త్ ఇన్సూరెన్స్ ముఖ్యం. 2025 జనవరి 1 నుంచి యూఏఈ మొత్తం మీద అది యజమానే తీయాలి, ఆ ఖర్చు కార్మికుడి మీద వేయకూడదు. విజిట్ వీసా మీద పనికి పంపితే ఈ రెండూ పోయినట్టే. ఆ వీసాతో పని చేయించడం అక్కడ నేరం కూడా, అందుకే జబ్బు చేస్తే కంపెనీలు తప్పించుకుంటాయి.

ఏజెంట్ లైసెన్సు నంబరు అడిగి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో మీరే చూడండి. లైసెన్సు ఉన్నవాళ్లు కూడా సర్వీసు చార్జీ కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం ప్రాంతం వాళ్లకు ఇంకో మాట: వెళ్లే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోండి. ముందునుంచే కిడ్నీ జబ్బు ఉందని తేలితే ఈ టూరిస్టు పాలసీలు మామూలుగా ఏమీ ఇవ్వవు.

ఇప్పటికే అక్కడ ఇలా ఇరుక్కున్నవాళ్లు ఉంటే, ఏజెంట్ ఫోన్ ఎత్తుతాడని ఎదురుచూడకండి. దుబాయ్‌లోని భారత కాన్సులేట్‌కు వెంటనే చెప్పండి, కష్టంలో ఉన్నవాళ్ల వైద్యానికి అక్కడ సంక్షేమ నిధి ఉంది. ఇక్కడి నుంచి ఇంట్లోవాళ్లు మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు కట్టి ఇంకా విమానం ఎక్కనివాళ్లు వీసా కాపీ ఈరోజే తెప్పించుకోండి. దాని మీద విజిట్ అనో టూరిస్ట్ అనో ఉంటే ఎక్కకండి, డబ్బు వెనక్కి అడగండి, ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇవ్వండి. మేమూ ఇచ్చాం.