పదడుగుల గదిలో 43 ఇంచుల టీవీ: మూడేళ్లు వాడాక

మాది నల్గొండలో రామగిరి వైపు అద్దె ఇల్లు. ముందు గది పదడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. అందులోనే దివాన్, బీరువా, నా కుట్టు మిషన్, పిల్లల స్కూలు బ్యాగులు, ఎండాకాలం వస్తే కూలర్. నేను బ్లౌజులు కుడతాను. పొద్దున పని తెమిలాక మిషన్ ముందు కూర్చుంటే మళ్లీ లేచేది అన్నం వేళకే. కాబట్టి మా ఇంట్లో టీవీని అందరికన్నా ఎక్కువసేపు చూసేది నేనే, అదీ సగం కన్నుతో.

2022 దసరాకు కొన్నాం. కంపెనీ పేరు రాయను, ఆ మోడల్ ఇప్పుడు దుకాణాల్లో లేదు, పేరు తెలిసినా మీకు పనికిరాదు. 43 ఇంచులు, 4కే (అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలున్న తెర), ఎల్‌ఈడీ. ఇరవై ఏడున్నర వేలయింది.

సైజు దగ్గరే ఇంట్లో పెద్ద పంచాయితీ. పాతది 32. మా ఆయనకు 55 కావాలి. అత్తమ్మ మాత్రం "గింత ఇంట్ల గంత పెద్ద టీవీ పెడ్తె మనం యాడ కూసోవాలె?" అంది. నా మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది కదా, తీసి గోడ కొలిచాను. దక్షిణం గోడకు బీరువాకూ దేవుడి అల్మారాకూ మధ్య ఉన్న ఖాళీ సరిగ్గా 44 ఇంచులు. టీవీ సైజు అని చెప్పేది మూల నుంచి మూలకు కొలత, వెడల్పు కాదు. 43 ఇంచుల టీవీ వెడల్పు దాదాపు 38 ఇంచులు, 50ది దాదాపు 44, 55ది 48. అంటే 50 తెస్తే బీరువా తలుపు తెరుచుకోదు. 55 మాట ఎత్తనే అక్కర్లేదు. అయినా మా ఆయన నమ్మలేదు. పాత పేపర్లు అతికించి మూడు సైజులూ కత్తిరించి నాలుగు రోజులు గోడకు అంటించి ఉంచాను. 55 పేపరు చూసి ఆయనే "వద్దులే" అన్నాడు. బ్లౌజుకైతే ముందు పేపరు కటింగ్ తీస్తాం, ఇరవై ఏడు వేల వస్తువుకు ఎందుకు తీయం?

దూరం సంగతి కూడా చెప్పాలి. దివాన్ మీద కూర్చుంటే కంటికీ టీవీకీ మధ్య ఎనిమిదిన్నర అడుగులు. ఆ దూరంలో 43 ఇంచుల మీద 4కేకూ ఫుల్ హెచ్‌డీకీ తేడా నా కంటికి తెలియదు. ఐదారడుగుల దగ్గరికి జరిగి, కింద చాప మీద కూర్చుంటేనే కొంచెం తెలుస్తుంది. ఆ సైజులో ఫుల్ హెచ్‌డీకీ దీనికీ మాకు చూపించిన ధరలో తేడా తక్కువ ఉండబట్టి 4కే తీసుకున్నాం, అంతే. ఇక కేబుల్ బాక్సులో వచ్చే మామూలు చానళ్లకు 4కే ఏం చేస్తుంది? పాత టీవీలో నున్నగా కనిపించిన సీరియల్ మొహాలు కొత్తదాంట్లో అలికినట్టు కనిపించాయి. అత్తమ్మ మొదటి రోజే "పాతదే మంచిగుండె" అంది. తప్పు టీవీది కాదు, బొమ్మ చిన్నది, తెర పెద్దది. బాక్సును హెచ్‌డీకి మార్చి, పసుపు ఎరుపు తెలుపు పిన్నుల వైరు తీసేసి హెచ్‌డీఎంఐ వైరు పెడితే గానీ ఆమె నోరు మూతపడలేదు.

నేను చేసిన మొదటి పొరపాటు గోడ. బిగించడానికి వచ్చిన అబ్బాయి "తలుపుకు ఎదురుగా పెడితే హాలుకు లుక్ వస్తదక్కా" అంటే పడమటి గోడకు పెట్టించాను. మా ఇల్లు తూర్పు ముఖం. తలుపూ కిటికీ రెండూ అటే. తెల్లారి లేచి చూస్తే టీవీలో తలుపు మొత్తం కనిపిస్తోంది. పాలాయన వచ్చింది, పక్కింటామె చెత్త వేసింది, అన్నీ తెరలోనే చూశాను. సీన్‌లో కాస్త చీకటి వచ్చిందంటే మా వీధి తప్ప ఇంకేం కనబడదు. మా నల్గొండ పక్కన పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా, లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలబడుతుంది. చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా ఇంట్లో తలుపు నీడ కూడా అట్లనే నిలబడింది, చూడటానికి మాత్రం మాకే విసుగు. తలుపు వేస్తే ఉక్క, నాకు కుట్టడానికి వెలుతురు ఉండదు. రెండు నెలలు ఓర్చుకుని దక్షిణం గోడకు మార్పించాను. అంటే ముందే కొలిచి పెట్టుకున్న గోడకే! పాత గోడలో మిగిలిన నాలుగు రంధ్రాలు చూసి ఇంటి ఓనరు అన్న మాటలు ఇక్కడ రాయను.

ఎత్తు దగ్గర మాత్రం ఆ అబ్బాయి మాట వినలేదు. నాలుగున్నర అడుగుల పైన పెడతానన్నాడు. మేం రాత్రి అన్నాలు తినేది కింద కూర్చొనే. అంత పైన పెడితే ముద్ద ముద్దకూ తలెత్తాలి. టీవీ కింది అంచు నేల నుంచి 30 ఇంచుల్లో పెట్టించాను. దివాన్ మీద కూర్చున్న వాళ్లకు తెర మధ్యభాగం కళ్లకు ఎదురుగా ఉంటుంది, చాప మీది వాళ్లు కొంచెం తలెత్తితే చాలు. ఇల్లు సర్దే వాళ్లందరూ టీవీని క్యాలెండర్ ఎత్తులో ఎందుకు పెట్టిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గోడ మారాక వెలుతురు బాధ పోయింది, ఇంకోటి పట్టుకుంది. నా మిషన్ కిటికీ కింద. అక్కడి నుంచి టీవీని బాగా పక్క నుంచి చూడాలి. పక్క నుంచి చూస్తే నల్లరంగు బూడిదరంగు అయిపోయింది, మొహాలు పాలిపోయాయి. దుకాణంలో మేం ముగ్గురం టీవీకి ఎదురుగా నిలబడి చూసి బాగుందనుకున్నాం. తర్వాత తెలిసింది, టీవీ ప్యానెళ్లలో, అంటే తెర పలకల్లో, ముఖ్యంగా రెండు రకాలుంటాయని. వీఏ రకంలో నలుపు చిక్కగా ఉంటుంది, కానీ ఎదురుగా కూర్చుంటేనే. ఐపీఎస్ రకంలో నలుపు కొంచెం పలచన, కానీ పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారదు. మాది వీఏ. పెద్ద హాలు, సోఫా ఉన్నవాళ్లు ఎదురుగా కూర్చుంటారు, వాళ్లకు ఫరవాలేదు. చిన్న గదిలో ఎవరికి ఖాళీ దొరికిన మూల వాళ్లది. కొనేటప్పుడు దుకాణంలో పక్కకు నడిచి, బీరువా పక్కన నిలబడ్డట్టు నిలబడి, ఒక మనిషి మొహం వచ్చేదాకా చూడండి. సేల్స్ అబ్బాయి వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

దీనికి మందు పన్నెండు వందల్లో దొరికింది. గోడ నుంచి ముందుకు లాగి అటూ ఇటూ తిప్పే స్టాండు. మధ్యాహ్నం నా వైపు తిప్పుకుంటాను, రాత్రి దివాన్ వైపు. టీవీ బరువు ఏడెనిమిది కిలోలే, కానీ ముందుకు లాగినప్పుడు గోడ మీద పట్టు ఎక్కువ పడుతుంది. మా దక్షిణం గోడ తొమ్మిదించులది కాబట్టి ధైర్యం చేశాం. నాలుగున్నర ఇంచుల గోడకైతే నేను పెట్టించను.

రంగుల గురించి చెప్పకపోతే నేను టైలర్ని కాను. ఫోన్లోని బ్లౌజు డిజైన్లు టీవీలో వేసి కస్టమర్లకు చూపిస్తాను, మెడ ఎంత లోతు, చెయ్యి ఎంత పొడవు అన్నీ పెద్దగా తెలుస్తాయి. ఒకామె పుట్టపాక తేలియా చీర తెచ్చింది, అసలైన చిక్కటి ఎరుపు. నేను దాని ఫొటో టీవీలో వేస్తే నారింజ పండులా ఉంది. "అక్కా, గిది నా చీరనేనా?" అని అడిగింది. చూస్తే టీవీ ఇంకా దుకాణంలో ఉన్న వివిడ్ మోడ్‌లోనే ఉంది. పది టీవీల మధ్య కంటికి కొట్టొచ్చినట్టు కనిపించడానికి ఆ మోడ్, ఇంటికి కాదు. సినిమా మోడ్‌కు మార్చాను. మొదటి రెండు రోజులు పసుపు రాసినట్టు అనిపించింది, తర్వాత కన్ను అలవాటు పడింది, చీర రంగు చీరకు వచ్చింది.

షార్ప్‌నెస్ కూడా అంతే. పోచంపల్లి చిటికీలో (ఇక్కత్ నేతలో) నూలుకు ముందే రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి పువ్వుల అంచులు కొంచెం చెదిరినట్టు, మెత్తగా ఉంటాయి. చేనేత గుర్తే అది. షార్ప్‌నెస్ సగంలో ఉన్నప్పుడు ఆ అంచుల చుట్టూ పెన్నుతో గీసినట్టు తెల్ల గీత వచ్చి, చీర కాస్తా ప్రింటు చీరలా కనిపించింది. పదికి తగ్గించాను. అప్పుడు పోగు పోగులా తెలిసింది.

ఇప్పుడు రోగం సంగతి. పద్నాలుగో నెలలో, అంటే ఏడాది వారంటీ అయిపోయాక, తెర ఎడమవైపు కింద జానెడు మేర చీకటి పడింది. బొమ్మ ఉంది, వెలుగు లేదు. సర్వీసు వాళ్లు ప్యానెల్ మొత్తం మార్చాలన్నారు, కొన్న ధరలో సగం చెప్పారు. ప్రకాశం బజార్ వైపు తెలిసిన మెకానిక్‌ను పిలిస్తే దివాన్ మీద దుప్పటి పరిచి టీవీని బోర్లా పడుకోబెట్టి విప్పాడు. లోపల తెల్లటి రేకు, దాని మీద అడ్డంగా పట్టీలు, పట్టీ మీద చిన్న చిన్న ఎల్‌ఈడీ బల్బులు, ఒక్కో బల్బు మీద బొట్టు బిళ్లంత గాజులాంటి మూత. ఒక పట్టీలో బల్బు పోయింది. పట్టీ మార్చితే సరిపోయేది, కానీ ఒకటి కొత్తది వేస్తే మిగతా చోట వెలుగు తేడా కొడుతుందని అన్నీ మార్చాడు. రెండు వేల ఎనిమిది వందలయింది. వెళ్తూ వెళ్తూ "బ్యాక్‌లైట్ వంద మీద పెట్టిన్రు, గీ ఎండలకు అది ఎన్నొద్దులుంటది?" అన్నాడు. నిజమే, మా పైన ఇంకో అంతస్తు లేదు, మేలో స్లాబు కింద గదే పొయ్యిలా ఉంటుంది. అప్పటి నుంచి బ్యాక్‌లైట్ పగలు 60, రాత్రి 35. రెండేళ్లయింది, మళ్లీ ఏమీ కాలేదు.

శబ్దం: మార్చి నుంచి జూన్ దాకా కూలర్ తిరుగుతుంటే టీవీలో మాట వినబడదు. స్పీకర్లు కిందికి చూస్తుంటాయి. మాటలు వినిపించాలని సౌండ్ పెంచితే ప్రకటనలు వచ్చినప్పుడు వాడకట్టు మొత్తం వింటుంది. మూడు వేలది ఒక చిన్న సౌండ్‌బార్ పెట్టాక ఆ టెన్షన్ తగ్గింది.

లోపలి సాఫ్ట్‌వేర్ రెండేళ్లకే ముసలిదైంది. 2 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీ, అందులో సగం దాని సొంతానికే. యాప్ తెరిచి నేను హుక్కులు కుట్టుకోవచ్చు, అంత సేపు. ఇప్పుడు వెనక ఒక స్ట్రీమింగ్ స్టిక్ (యాప్‌లు నడిపే చిన్న పరికరం) పెట్టి వాడుతున్నాం.

కరెంటు భయం వద్దు. వెనక 90 వాట్లని రాసి ఉంది, రోజుకు ఆరు గంటలు వేసినా నెలకు పదహారు యూనిట్లు. ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపే ఉంటున్నాం. భయపడాల్సింది ఏప్రిల్, మే నెలల గాలివానకు. ఉరుము వినబడితే అత్తమ్మ ప్లగ్గుతో పాటు కేబుల్ వైరు కూడా పీకేస్తుంది. మొదట్లో నవ్వుకున్నాను, పక్క పోర్షన్‌లో సెట్‌టాప్ బాక్సు మాడిపోయాక నేనే ముందు లేస్తున్నాను.

ధర విషయంలో ఒకటి మారింది. మేం కొన్నప్పుడు 32 ఇంచులు దాటితే జీఎస్టీ 28 శాతం, ఆ లోపు 18. 2025 సెప్టెంబర్ 22 నుంచి అన్నిటికీ 18 శాతమే. కాబట్టి పన్ను చూసి 32కు దిగాల్సిన పని లేదు. మళ్లీ కొంటే నేను 43నే కొంటాను, ఐపీఎస్ ప్యానెల్ చూసి, తిప్పే స్టాండుతో సహా.

మొన్న మిర్యాలగూడ నుంచి చెల్లె ఫోన్ చేసింది. "అక్కా, 43 తీస్కోవాల్నా, 50 తీస్కోవాల్నా?" "ముందుగాల గోడ కొల్చి చెప్పు" అన్నాను. గంట తర్వాత మళ్లీ చేసింది. "గోడ మంచిగనే ఉందక్కా, 50 పడ్తది. గని కూలర్ యాడ పెట్టాలె?"