బ్లాగుకు యాడ్స్ పెట్టిస్తామనే ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

యాడ్‌సెన్స్ (మన పేజీలో యాడ్లు చూపించి మనకు డబ్బిచ్చే గూగుల్ సేవ) సెట్టింగ్, ప్రైవసీ పాలసీ, డిజైన్‌లో చిన్న చిన్న మార్పులు అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా చేసిపెడతానంటే అమీర్‌పేటలో ఒకతనికి దసరాకు ముందు 12,000 రూపాయలు ఇచ్చాను. అప్పటినుంచి మూడు నెలలు నా బ్లాగులో కనిపించిన యాడ్లలో చాలావాటి డబ్బు అతని ఖాతాకే పోయింది. ఆ సంగతి నాకు సంక్రాంతికి గాని తెలియలేదు. ఇలాంటి ప్యాకేజీలు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేం మల్కాజిగిరిలో ఉంటాం. మా అత్తమ్మ చేసే సర్వపిండి, సకినాలు, పచ్చిపులుసు, మలీద లాంటి వంటలన్నీ కొలతలతో సహా ఆరేళ్లుగా గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో రాస్తున్నాను. చదివేవాళ్లు ఇక్కడా ఉన్నారు, అమెరికాలో, లండన్‌లో ఉన్న మనవాళ్లూ ఉన్నారు. యాడ్‌సెన్స్ నాకు ముందే అప్రూవ్ అయింది. పేజీ కింద ఒకే ఒక్క యాడ్ పెట్టుకున్నాను. ఖాతాలో ఏడు డాలర్ల చిల్లర ఉండేది. అది 10 డాలర్లకు చేరితే గూగుల్ మన ఇంటి అడ్రసుకు పోస్టులో ఒక పిన్ నంబరు పంపుతుంది. ఆ నంబరు ఖాతాలో కొట్టాలి. ఆ తర్వాత 100 డాలర్లు నిండితే డబ్బు బ్యాంకులో పడుతుంది. "మేడమ్, నెల తిరిగేలోపు పిన్ లెటర్ మీ ఇంటికొస్తుంది, నాదీ గ్యారంటీ" అన్నాడతను. నాకు కావలసిందీ అదే. మన రాతకు ఒక్క రూపాయి వచ్చినా అది అత్తమ్మ చేతిలో పెట్టాలని ఎంత ఆశ ఉండేదో చెప్పలేను.

ఆఫీసు మైత్రివనం దగ్గరి సందులో, కోచింగ్ బోర్డుల మధ్య, రెండో అంతస్తులో ఒక గది. సగం డబ్బు అప్పటికప్పుడే యూపీఐలో వేయమన్నాడు. స్క్రీన్ మీద వచ్చింది సంస్థ పేరు కాదు, ఎవరిదో సొంత పేరు. బిల్లు అడిగితే పని అయ్యాక ఇస్తానన్నాడు. అక్కడే ఆగి ఉండాల్సింది.

తర్వాత గూగుల్ పాస్‌వర్డ్ అడిగాడు. అది లేకుండా పని జరగదన్నాడు. ఇది పూర్తిగా అబద్ధం. బ్లాగర్ సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ అని ఉంటుంది, పని చేసే మనిషిని అతని మెయిల్‌తోనే ఆహ్వానించవచ్చు, పని అయ్యాక తీసేయవచ్చు. యాడ్‌సెన్స్‌లోనూ యూజర్ మేనేజ్‌మెంట్ కింద అలాంటిదే ఉంది. ఇవేవీ తెలియక పాస్‌వర్డ్ ఇచ్చాను, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కూడా చదివి వినిపించాను. ఆ పాస్‌వర్డ్ వెనకే నా మెయిల్, పిల్లల ఫోటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఉన్నాయి. తలచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

వారంలో బ్లాగు రూపం మారిపోయింది. పైన ఒక యాడ్, వంట మధ్యలో మూడు, కింద ఒకటి. చూడటానికి పెద్ద సైటులా ఉంది. కానీ నా ఖాతాలో డబ్బు పెరగాల్సింది పోయి, రోజువారీ వచ్చే పైసలు కూడా తగ్గాయి. అడిగితే "కొత్త డిజైన్ కదా మేడమ్, గూగుల్ నేర్చుకోవడానికి టైమ్ పడుతుంది" అన్నాడు. మిగతా సగం డబ్బు కూడా ఇచ్చేశాను. పోస్ట్‌మాన్ గేటు దగ్గర కనిపించినప్పుడల్లా ఉత్తరం ఉందేమోనని అడిగేదాన్ని.

సంక్రాంతికి పది రోజుల ముందు కరీంనగర్ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. బ్లాగు మొదటినుంచీ చదివే మనిషి. "బిడ్డా, సకినాల పిండి కొలత చూద్దామని వేలు పెడితే పేకాట వస్తున్నదేంది? పక్కన మా మనుమడున్నడు" అన్నారు. నా ఫోన్‌లో తెరిచి చూస్తే ఏమీ రాలేదు. మా అబ్బాయి ఫోన్‌లో తెరిచాం. పేజీలో ఎక్కడో ఒకచోట వేలు తగిలిందో లేదో, రమ్మీ ఆట పేజీ ఒకటి వేరే ట్యాబ్‌లో తెరుచుకుంది. మళ్లీ నొక్కితే రాలేదు. ఒక్కో మనిషికి ఒక్కసారే వచ్చేలా పెట్టాడన్నమాట, నా కంట పడకుండా. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే చట్టం సవరించి నిషేధించింది. అలాంటిది అత్తమ్మ సకినాల పేజీ మీదనుంచి ఆ ఆటలోకి దారి వేశాడు. యాడ్‌సెన్స్ ఉన్న పేజీలో చదివేవాళ్లకు అడ్డం పడే ఇలాంటి పాప్‌అప్‌లు ఉంటే గూగుల్ నియమాల ప్రకారం కూడా తప్పే. ఖాతా పోతే పోయేది నాదే.

ఆ రాత్రి మా అబ్బాయి, నేను కూర్చుని మొత్తం వెతికాం. బ్లాగర్ లేఅవుట్‌లో హెచ్‌టీఎమ్ఎల్ గాడ్జెట్ (బయటి కోడ్ అతికించే డబ్బా) ఒకటి పేరు లేకుండా అట్టడుగున ఉంది, రమ్మీ కోడ్ దాంట్లోనే ఉంది. తర్వాత యాడ్స్ డాట్ టెక్స్ట్ తెరిచాం. మన సైటులో యాడ్లు అమ్మే హక్కు ఎవరెవరికి ఉందో చెప్పే చిన్న ఫైల్ అది. దొంగ అమ్మకాలు ఆపడానికని 2017లో వచ్చిన పద్ధతి. బ్లాగర్‌లో సెట్టింగ్స్‌లోని మానిటైజేషన్ కింద ఉంటుంది. ఒక్కో వరుసలో గూగుల్ పేరు, పబ్ అనే మాట, దాని వెనక 16 అంకెల పబ్లిషర్ నంబరు ఉంటాయి. యాడ్ డబ్బు ఎవరి ఖాతాకు పోతుందో చెప్పేది ఆ నంబరే. నాకు ఉండాల్సింది ఒక్క వరుస. అక్కడ రెండున్నాయి. మా అబ్బాయి యాడ్‌సెన్స్ ఖాతాలోంచి నా నంబరు ఒక్కో అంకె చదువుతుంటే, నేను స్క్రీన్ మీద వేలు జరుపుకుంటూ పోయాను. మొదటి వరుస చివరిదాకా సరిపోయింది. రెండో వరుసలో రెండో అంకె దగ్గరే ఆగిపోయాం. అప్పుడు థీమ్ (బ్లాగు రూపం) కోడ్ తెరిచి యాడ్ల దగ్గర నంబర్లు చూశాం. ఐదింటిలో నాలుగు అతనివి. పేజీ అడుగున, ఎవరూ అంత దూరం రాని చోట ఉన్న ఒక్కటే నాది.

అందుకే మీరు వేరే ఏమీ చూడకపోయినా ఈ ఒక్క పని ఈ రోజే చేయండి. యాడ్‌సెన్స్‌లో అకౌంట్ సమాచారం దగ్గర మీ నంబరు ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసుకోండి. బ్లాగర్‌లో థీమ్‌లోకి వెళ్లి, కస్టమైజ్ బటన్ పక్కనున్న బాణం నొక్కి ఎడిట్ హెచ్‌టీఎమ్ఎల్ తెరిచి, పబ్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలతో వెతకండి. లేఅవుట్‌లో ఉన్న గాడ్జెట్లు కూడా ఒక్కొక్కటి తెరిచి చూడండి. కనిపించిన ప్రతి నంబరూ మీ కాగితం మీదదే అయ్యుండాలి. పది నిమిషాల పని.

ప్రైవసీ పాలసీ సంగతి ఇంకా ఘోరం. 2,000 రూపాయలు దానికే అన్నాడు. నేను చదవకుండా సరేనన్నాను. తీరా చూస్తే అది అమెరికాలో ఏదో చెప్పుల దుకాణానిది. క్రెడిట్ కార్డు వివరాలు ఎలా దాస్తాం, పార్సిల్ ఎలా పంపుతాం అని రాసుంది. ఒక పేరాలో ఆ దుకాణం పేరు కూడా తీయలేదు. సంప్రదించాల్సిన మెయిల్ నాది కాదు. అసలు ఉండాల్సిన మాట మాత్రం లేదు. గూగుల్, ఇంకా ఇతర సంస్థలు కుకీలు (మన బ్రౌజర్‌లో సైట్లు దాచే చిన్న గుర్తులు) వాడి, మీరు ముందు చూసిన సైట్లను బట్టి యాడ్లు చూపిస్తాయి, వద్దనుకుంటే గూగుల్ యాడ్ సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు అని యాడ్‌సెన్స్ వాడే ప్రతివాళ్లూ చెప్పి తీరాలి. నన్ను నమ్మి చదివేవాళ్లకు నా పేరు మీద నేను ఇస్తున్న మాట అది. దాన్ని ఇంకొకరి దుకాణం నుంచి ఎత్తుకొచ్చి అతికించాడు.

లండన్‌లో ఉండే పాఠకుల విషయం కూడా అతను చెప్పలేదు. యూరప్‌లో, బ్రిటన్‌లో చదివేవాళ్లకు యాడ్లు చూపించాలంటే, గూగుల్ ధ్రువీకరించిన పద్ధతిలో వాళ్ల సమ్మతి అడగాలి. 2024 జనవరి 16 నుంచి ఇది తప్పనిసరి. దీనికి డబ్బు కట్టాల్సిన పని కూడా లేదు. యాడ్‌సెన్స్‌లోనే ప్రైవసీ అండ్ మెసేజింగ్ అనే చోట గూగుల్ సొంత సమ్మతి పెట్టె ఉచితంగా ఉంది. నేనే పెట్టుకున్నాను, అరగంట పట్టింది. పాలసీ కూడా నేనే తెలుగులో ఒక పేజీ రాసుకున్నాను.

డిజైన్ మార్పులకు ఒక్కోదానికి 800 చొప్పున వేశాడు. మెనూ రంగు, అక్షరాల సైజు, వరుసల మధ్య దూరం లాంటివి. వాటిలో ఒకటి నా మనసును బాగా బాధపెట్టింది. ఇంగ్లీషుకు సరిపోయేలా వరుసల ఎత్తు తగ్గించి, పైన శీర్షికలను ఒక డబ్బాలో ఇరికించాడు. మన అక్షరాలకు కింద ఒత్తులుంటాయన్న ఆలోచన లేదు. "ఉప్పు" అని రాసిన చోట ఒత్తు తెగి "ఉపు" అయింది, "కొత్తిమీర" కాస్తా "కొతిమీర" అయింది. థీమ్ కస్టమైజ్‌లో సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని మార్చే కోడ్) జోడించే చోట వరుస ఎత్తు 1.8 అని ఒక్క ముక్క రాస్తే సరిపోయింది. పైసా ఖర్చు లేదు. తెలుగు చదవనివాళ్ల చేత తెలుగు పేజీ డిజైన్ చేయించకండి. చేయించినా ముందు థీమ్ బ్యాకప్ దించుకోండి. నా పాత థీమ్ నాకు మళ్లీ దొరకలేదు.

ఇంకో మాట. ఇలాంటివాళ్లు వాట్సాప్ గ్రూపులో చేర్చి ఒకరి యాడ్లు ఒకరు నొక్కుకోమంటారు. నాకూ చెప్పాడు, నేను చేరలేదు. అలా నొక్కితే ఖాతా మూసేస్తారు. ముందే అప్రూవ్ అయిన యాడ్‌సెన్స్ ఖాతా అమ్ముతామన్నా నమ్మకండి, ఖాతాను ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ చేయడం కుదరదు. యాడ్‌సెన్స్‌లో చేరడానికి అసలు ఫీజే లేదు.

మరునాడే పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల భద్రత మళ్లీ కొత్తగా పెట్టుకున్నాను. పర్మిషన్స్‌లో చూస్తే అతని మెయిల్ అడ్మిన్‌గా ఉంది. తలచుకుంటే నన్నే నా బ్లాగులోంచి తీసేయగలిగేవాడు. ముందు అతని మెయిల్, ఆ తర్వాత రెండో వరుస, నాలుగు యాడ్ కోడ్లు, రమ్మీ గాడ్జెట్ తీసేశాను. తీసేముందు అన్నిటికీ తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీశాను. మీరు కూడా కోపంలో ముందే తుడిచేయకండి, అవే సాక్ష్యం. ఫోన్ చేసి అడిగితే "మేడమ్, టెస్టింగ్ కోసం పెట్టింది, తీయడం మర్చిపోయాం" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. సైబర్ నేరాల నంబరు 1930కి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి రెండింటికీ ఫిర్యాదు ఇచ్చాను. బిల్లు లేకపోవడం పెద్ద ఇబ్బందైంది. యూపీఐ రసీదులు, వాట్సాప్ మాటలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఇక్కడ పేరు రాయడం లేదు. అమీర్‌పేట వైపు ఇలాంటి ప్యాకేజీ ఎవరైనా తీసుకుని ఉంటే మీ యాడ్స్ డాట్ టెక్స్ట్ ఫైల్‌లో మీది కాని నంబరుతో రెండో వరుస ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ 16 అంకెలు నాకు మెసేజ్‌లో పంపండి. నా దగ్గరున్న నంబరుతో సరిపోతే ఇద్దరం కలిసి ఫిర్యాదు ఇద్దాం.