నల్లగొండ బస్సు దిగి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే: ఏడాది ప్రయాణాల తర్వాత ఒక సమీక్ష

ఏడాదిగా నెలకు రెండుసార్లు మా అమ్మను నల్లగొండ నుంచి హైదరాబాద్ పంజాగుట్టలోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. చిన్ననాటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మా ప్రాంతపు పెద్దవాళ్లలో ఎందరినో వేధించే కీళ్ల నొప్పులే ఆమెవీ. మొదట్లో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో పోయేవాళ్లం. కొన్నాళ్లకు ఎల్బీనగర్‌లోనే బస్సు దిగి మెట్రో రైలు ఎక్కడం అలవాటు చేసుకున్నాం. నల్లగొండ, నకిరేకల్, సూర్యాపేట వైపు నుంచి నగరానికి వచ్చేవారికి ఈ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో వివరంగా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

బస్సు ప్రయాణం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నల్లగొండ నుంచి సుమారు 20 కిలోమీటర్లు వచ్చి నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారిలో కలిస్తే, చిట్యాల, పంతంగి టోల్‌గేటు, చౌటుప్పల్ దాటి హయత్‌నగర్ దాకా బస్సు వేగంగానే వస్తుంది. అసలు పరీక్ష ఆ తర్వాతే. వనస్థలిపురం మొదలుకొని దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా ఎంజీబీఎస్ చేరేసరికి ఎంతసేపు పడుతుందో ఏ డ్రైవరూ ముందుగా చెప్పలేడు. డాక్టరు దగ్గర టోకెను తీసుకున్నవారికి ఆలస్యం కంటే ఎక్కువ కష్టం కలిగించేది ఈ అనిశ్చితే.

ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట వరకు మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలైంది. మియాపూర్ దాకా వెళ్లే ఈ మార్గంలో ఎల్బీనగర్ తర్వాత ఎంజీబీఎస్ ఏడో స్టేషన్, పంజాగుట్ట పదిహేనోది. ఎల్బీనగర్ చివరి స్టేషన్ కావడం మాలాంటి వాళ్లకు గొప్ప సౌకర్యం. అక్కడ రైలు ఖాళీ అయి తిరిగి బయలుదేరుతుంది కాబట్టి అమ్మకు ప్రతిసారీ కూర్చోవడానికి చోటు దొరికింది. స్టేషన్‌లో లిఫ్టు ఉంది, రైలు గుమ్మం ప్లాట్‌ఫారానికి సమానమైన ఎత్తులో ఉంటుంది, లోపల చల్లగా ఉంటుంది. రెండు చేతులతో కడ్డీ పట్టుకొని బస్సు మెట్లు ఎక్కే మనిషికి ఈ చివరి సౌకర్యాలు చిన్నవి కావు. ఎన్ని గంటలకు దిగుతామో ఎల్బీనగర్‌లోనే లెక్కకట్టి ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పగలుగుతున్నాను. ఈ భాగానికి నేను మారుమాట లేకుండా మంచి మార్కులే వేస్తాను.

అయితే బస్సు బాగుండటం, మెట్రో బాగుండటం సరిపోవు. ఆ రెండింటి మధ్య నడిచే నాలుగడుగులు ఎలా ఉన్నాయన్నదాన్ని బట్టే జనం ఈ దారి పట్టడమో మానడమో జరుగుతుంది. మొదటిసారి మేమెక్కిన బస్సు వంతెన మీదుగా వెళ్లిపోయి కూడలి దాటాక చాలా దూరంలో ఆగింది. దిగిన చోటు నుంచి స్టేషన్ కనిపిస్తూనే ఉంది, కానీ అక్కడికి చేరడానికి ఆగకుండా వచ్చే వాహనాల పక్కనే, అరటిపళ్ల బండ్లకూ ఆటోలకూ మధ్య ఇరుకు సందులోంచి నడవాల్సి వచ్చింది. అమ్మ ఒక చేత్తో నా భుజం, మరో చేత్తో ఎక్స్‌రేల సంచి పట్టుకొని రెండుసార్లు ఆగింది. "గింత దూరం నడిసే బదులు ఆటోల పోతే అయిపోవు గద బిడ్డా" అంది. ఆ రోజు ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. తర్వాతి ప్రయాణం నుంచి టికెట్ తీసుకునేటప్పుడే "ఎల్బీనగర్‌లో మెట్రో దగ్గర దిగుతాం, పెద్దమనిషి ఉంది" అని కండక్టరుకు చెప్పడం మొదలుపెట్టాను. చెప్పిన ప్రతిసారీ వాళ్లు గుర్తుపెట్టుకొని కింది రోడ్డులో ఆపించారు. కానీ అడిగినవారికి మాత్రమే దక్కే సౌకర్యాన్ని ఏర్పాటు అనలేం. వందలాది బస్సులు వచ్చే రహదారి మీద మెట్రో మెట్ల పక్కనే, నీడ ఉన్న ఒక దిగుడు చోటు, దానికి ప్రతి బస్సూ విధిగా ఆగాలన్న నియమం, ఈ రెండూ ఉంటే ఎల్బీనగర్‌లో దిగేవారి సంఖ్య తప్పక పెరుగుతుందని నా నమ్మకం.

ఇదే మెట్రోలో అమీర్‌పేట స్టేషన్‌ను చూస్తే ఒక బండి దిగి మరొకటి ఎక్కే ఏర్పాటు ఎలా ఉండాలో అర్థమవుతుంది. ఆసుపత్రి పని ముగిశాక ఒక్కోసారి మాదాపూర్‌లో ఉండే తమ్ముడి ఇంటికి వెళ్తాం. అమీర్‌పేటలో దిగి, రాయదుర్గం వైపు వెళ్లే రైలు కోసం ఒక అంతస్తు మారాలి. అక్కడా జనం కిక్కిరిసి ఉంటారు, అక్కడా నడక ఉంటుంది. అయినా అమ్మ ఎన్నడూ విసుక్కోలేదు. ఎందుకంటే రోడ్డు మీదికి రానక్కర్లేదు, మళ్లీ టికెట్ కొననక్కర్లేదు, కొద్ది నిమిషాల్లో ఇంకో రైలు వస్తుందని తెలుసు. ఎల్బీనగర్‌లో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

టికెట్ విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ఉచిత ప్రయాణం ఉంది. మెట్రో రైలుకు అది వర్తించదు. మెట్రో ఎక్స్‌ప్రెస్ అన్న పేరు బస్సుదో రైలుదో తెలియక అమ్మ మొదటిసారి ఆధార్ కార్డు చేతిలో పట్టుకొని మెట్రో కౌంటరు ముందు నిలబడింది. 2025 మే నెలలో సవరించిన ప్రకారం మెట్రో ఛార్జీలు 11 రూపాయల నుంచి 69 రూపాయల వరకు ఉన్నాయి. కాలేజీకి రోజూ వచ్చిపోయే ఆడపిల్లో, ఇళ్లలో పనికి వచ్చే మహిళో ఎల్బీనగర్‌లో బస్సు దిగిందంటే, అప్పటిదాకా పైసా ఖర్చులేని ప్రయాణానికి అక్కడి నుంచి డబ్బు పెట్టాల్సి వస్తుంది. అదే బస్సులో కూర్చుంటే ఎంత ఆలస్యమైనా ఖర్చుండదు. ఉచిత ప్రయాణం వల్ల మా పల్లెల మహిళలకు కలిగిన మేలు నేను కళ్లారా చూశాను, దాన్ని తగ్గించాలని ఎన్నటికీ అనను. బస్సులో ఇచ్చే సున్నా టికెట్ చూపినవారికి మెట్రోలో కొంత రాయితీ ఇచ్చినా చాలు, ఎందరో రైలు ఎక్కుతారు.

అమెరికాలోని సియాటిల్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడితో ఈ మాట అన్నప్పుడు అక్కడి పద్ధతి చెప్పాడు. ఆ ఊళ్లో 2016లో లైట్ రైలు మార్గాన్ని విశ్వవిద్యాలయం దాకా పొడిగించగానే, నగర కేంద్రానికి నేరుగా వెళ్లే కొన్ని బస్సులను ఆ స్టేషన్ వరకే కుదించి, అలా మిగిలిన బస్సులతో చుట్టుపక్కల కాలనీలకు ఎక్కువ ట్రిప్పులు నడిపారు. బస్సుకూ రైలుకూ ఒకటే కార్డు. బస్సులో కార్డు తాకించాక రెండు గంటల్లోపు రైలు ఎక్కితే మొదట కట్టిన డబ్బు రైలు ఛార్జీలోంచి తగ్గుతుంది. నేరుగా వెళ్లే బస్సు పోయిందని బాధపడినవారు అక్కడా ఉన్నారట. మన దగ్గర ప్రతి బస్సునూ ఎల్బీనగర్‌లో ఆపేయాలని నేను అనడం లేదు. బియ్యం మూటతో, పచ్చడి జాడీలతో పిల్లల దగ్గరికి బయలుదేరినవారినీ, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లే రోగులనూ దారిలో దించితే అది వారికి అన్యాయమే. కానీ అన్నీ ఎంజీబీఎస్‌కే పోవాల్సిన అవసరమూ లేదు.

ఈ మాట ఎందుకు అంటున్నానో తిరుగు ప్రయాణం చేసినవారికి వెంటనే అర్థమవుతుంది. సాయంత్రం మెట్రోలో హాయిగా ఎల్బీనగర్ చేరి, కిందికి దిగి నల్లగొండ బస్సు కోసం నిలబడితే, వచ్చే ప్రతి బస్సూ ఎంజీబీఎస్‌లో బయలుదేరి, దిల్‌సుఖ్‌నగర్‌లో నిండి, ఎల్బీనగర్‌కు వచ్చేసరికి ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసి ఉంటుంది. ఒక ఆదివారం మేము నాలుగు బస్సులు వదిలేశాం. ఐదోదానిలో ఎక్కితే చౌటుప్పల్ దాకా అమ్మ ఇంజను పక్కన తన సంచి మీదే కూర్చుంది. అక్కడ ఒక కాలేజీ అమ్మాయి "పెద్దమ్మా, ఈడ కూసో" అని లేచి సీటు ఇచ్చింది. ఆ రోజు నుంచి తిరుగు ప్రయాణంలో ఎల్బీనగర్ దాకా రావడం మానేసి, మెట్రోలో ఎంజీబీఎస్‌లోనే దిగి, ప్లాట్‌ఫారం మీద ఖాళీ బస్సు ఎక్కుతున్నాం. అంటే మెట్రోలో పొందగలిగిన సమయాన్ని సీటు కోసం మళ్లీ ట్రాఫిక్‌లో వదులుకుంటున్నాం. సాయంత్రం 5 నుంచి 9 గంటల మధ్య అరగంటకో బస్సు ఎల్బీనగర్‌లోనే ఖాళీగా బయలుదేరితే ఈ సమస్య తీరుతుంది. నగరం లోపలి ట్రాఫిక్‌లో చిక్కుకోని ఆ బస్సు రోజుకు మరో ట్రిప్పు తిరిగే వీలు కూడా ఉంటుంది.

పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు బంధువులకు ఇంతపాటి అవకాశం కూడా లేదు. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిలో వచ్చే బస్సులకు ఆరాంఘర్ దగ్గర కలిసే మెట్రో ఏదీ లేదు. వాళ్లు ఎంజీబీఎస్ చేరాకే రైలు ఎక్కాలి. రెండో దశలో నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి ఒక మార్గాన్ని, ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్‌కు సుమారు 7 కిలోమీటర్ల మరో మార్గాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రతిపాదించింది. హయత్‌నగర్ స్టేషన్ కట్టేటప్పుడైనా బస్సులు ఆగే చోటును స్టేషన్ నక్షాలోనే గీయాలని, పిల్లర్లు లేచాక వెతుక్కోవద్దని నా విన్నపం.

ప్రస్తుతానికి ఈ దారిలో వెళ్లాలనుకునేవారికి నేను చెప్పేది ఇది. పొద్దున వెళ్లేటప్పుడు చేతిలో బరువు లేకుంటే, వెళ్లాల్సింది నాంపల్లి, లక్డీకాపూల్, పంజాగుట్ట, అమీర్‌పేట, హైటెక్ సిటీ వైపైతే ఎల్బీనగర్‌లో దిగండి. దిగే చోటు గురించి కండక్టరుతో ముందే మాట్లాడండి. హయత్‌నగర్ దాటుతుండగా ఫోన్‌లో వాట్సాప్ ద్వారా మెట్రో టికెట్ తీసుకుంటే కౌంటరు దగ్గర వరుసలో నిలబడాల్సిన పని ఉండదు. సాయంత్రం పెద్దవాళ్లతో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎంజీబీఎస్‌లోనే బస్సు ఎక్కండి.