ఎర్ర తూనీగా, దేశదిమ్మరి తూనీగా?

ఎర్ర తూనీగని (స్కార్లెట్ స్కిమ్మర్) గుర్తుపట్టడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు, మగది కళ్ళతో సహా మిరపపండులా ఎర్రగా ఉంటుంది, పొట్ట మీద సన్నటి నల్లగీత. తికమకంతా ఆడదానితోనే, ఎందుకంటే అది పసుపు. అచ్చం పసుపు రంగు దేశదిమ్మరి తూనీగలాగే (గ్లోబ్ స్కిమ్మర్) అనిపిస్తుంది.

అప్పుడు రంగు వదిలేసి వాలే తీరు చూడండి. ఎర్రది నీటి పక్కన రెల్లు కొసన అడ్డంగా కూర్చుంటుంది, ఎగిరి మళ్ళీ అక్కడికే వస్తుంది. గ్లోబ్ స్కిమ్మర్ అసలు వాలడమే తక్కువ, వాలినా కొమ్మకి నిలువుగా వేలాడుతుంది. ఒళ్ళు నాలుగున్నర సెంటీమీటర్లే, కానీ వెనక రెక్కలు మొదట్లో బాగా వెడల్పు, గాలిలో తేలిపోవడానికి అదే అసలు కిటుకు.

ఇక తిరుగుడంటారా, పోటీయే లేదు. ఎర్రది ప్రధానంగా ఆసియాది, ఫ్లోరిడా, హవాయిల్లో మాత్రం బయటినుంచి వచ్చి స్థిరపడింది. రెండోది అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ కనిపిస్తుంది (యూరప్‌లో అరుదు), ఏటా అక్టోబర్‌లో గుంపులుగా మాల్దీవులకి చేరుతుంది. అక్కడ మంచినీళ్ళ చెరువులు దాదాపు లేవు మరి! వానలు పడే చోట నీటి గుంటల్లో గుడ్లు పెడుతుంది, ఆ గుంటలు ఎండేలోపే పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. నా ఓటు దీనికే, ఫోటోకి మాత్రం ఎర్రదే నయం, కనీసం కుదురుగా కూర్చుంటుంది.