పదకొండేళ్లు సెమ్‌తో: రాజమండ్రి సూక్ష్మశిలాజాల మీద నా అనుభవం

రాజమండ్రి దగ్గరి క్వారీల్లో రెండు లావా పొరల నడుమ ఒకప్పటి సముద్రపు మట్టి, సున్నపురాయి చిక్కుకుని ఉన్నాయి. ఆ మట్టిని నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మిగిలిన రేణువుల్లోంచి ఫొరామినిఫెరా అనే ఏకకణ సముద్రజీవుల పెంకులు ఏరడం నా పని. పదకొండేళ్లుగా వాటిని వెలుగుకు బదులు ఎలక్ట్రాన్లతో బొమ్మ తీసే స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులోనే చూస్తున్నాను. మేమంతా దాన్ని సెమ్ అంటాం.

అంత ఖరీదైన యంత్రం అవసరమా అని విద్యార్థులు అడుగుతుంటారు. ఈ పెంకులకు తప్పదు. డైనోసార్లు అంతరించిన కొద్దికాలానికే సముద్రంలో తేలుతూ బతికిన జీవులివి. చాలావాటి పరిమాణం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. మామూలు మైక్రోస్కోపులో తెల్లటి నలుసులే. వాటిలో ఒక రకమైన గుంబెలిట్రియా పెంకును సెమ్‌లో తొలిసారి చూసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. మూడేసి గదుల చొప్పున పేర్చిన ద్రాక్ష గుత్తి! 3,000 రెట్లు పెంచితే గోడ నిండా బొడిపెలు, ఒక్కో బొడిపె నెత్తిన సూది మొనంత కూడా లేని రంధ్రం. గోడ మీది ఆ నగిషీని బట్టే పేరు తేలుతుంది, పేరు తేలితే పొర వయసు తేలుతుంది. 2008లో భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందం ఇక్కడి ఇలాంటి పెంకుల ఆధారంగానే, దక్కన్ లావా ప్రధాన దశ డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల నాటి మహావినాశనం సమీపంలో ముగిసిందని చెప్పింది.

అసలు కష్టం యంత్రం దగ్గరికి వెళ్లకముందే ఉంది. రంధ్రాల్లో బంకమట్టి మిగిలితే సెమ్ దాన్నే అందంగా చూపిస్తుంది. ఒకసారి ఆ మట్టి వదిలించడానికి, ధ్వని ప్రకంపనలతో కడిగే అల్ట్రాసోనిక్ తొట్టిలో రెండు నిమిషాలు ఉంచాను, పన్నెండు పెంకుల్లో ఏడు పగిలాయి. వాటిని ఏరడానికి నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు పది సెకన్లు దాటనివ్వను.

ఈ పెంకులు కాల్సైట్ అనే ఖనిజంతో ఏర్పడినవి, దాని గుండా విద్యుత్తు పారదు. అందుకే వాటికి పలుచగా బంగారు పూత వేస్తాం. పూత అంటని చోట ఎలక్ట్రాన్లు పేరుకుని బొమ్మంతా తెల్లటి చారలు పడతాయి. ఎలక్ట్రాన్లను తోసే వోల్టేజిని 15 కిలోవోల్టుల నుంచి 5కి దించితే చాలాసార్లు సర్దుకుంటుంది. పూత మందమైతే సన్నని నగిషీ మరుగున పడుతుంది.

నాకు తీరని బాధ ఒకటుంది. ఒకసారి వేసిన పూత తేలిగ్గా ఊడి రాదు. బంగారాన్ని కరిగించే ఆమ్లం ముందు పెంకునే కరిగించేస్తుంది. కొత్త జాతి అనిపించిన నమూనాకు పూత వేయకండి. గాలిని పూర్తిగా తోడేయకుండా, అంటే తక్కువ శూన్యంలో, పూత లేకుండానే పనిచేసే సెమ్ వెతికి పట్టుకోండి. బొమ్మ కాస్త గరుకుగా వచ్చినా నమూనా చెక్కుచెదరదు.

పెద్ద ఎముకల ఆకారం చూడటానికి మాత్రం సెమ్ కోసం పరుగెత్తనక్కర్లేదు, మంచి కెమెరా చాలు. చిన్న పెంకులైతే తడిపిన మూడు సున్నాల (000 నంబరు, చాలా సన్నని) కుంచెతో స్టబ్ అనే చిన్న లోహపు బిళ్ల మీద ఒక్కొక్కటే పెట్టండి. ఏది ఎక్కడుందో వెంటనే కాగితం మీద పటం గీసుకోండి. తలుపు మూసి గాలి తోడేశాక, తెర మీద నలభై పెంకులూ ఒకే తీరుగా కనిపిస్తాయి.