ఇంటర్ సెకండియర్ ఎంపీసీ వాళ్లకి: తెలుగు అకాడమీ మ్యాథ్స్ 2ఏ, 2బీ పుస్తకాలు

సెకండియర్ ఎంపీసీ ఎంత నలిపేస్తుందో చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒకే సబ్జెక్టుని ఐపీఈకి (ఇంటర్ బోర్డు పరీక్షకి) ఒకలా, జేఈఈ మెయిన్‌కి ఇంకోలా, ఎంసెట్‌కి (ఇప్పటి ఈఏపీసెట్‌కి) మరోలా చదవాలి, పైగా మెయిన్ మొదటి సెషన్ రాసి వచ్చి ఊపిరి పీల్చుకునేలోపే ప్రాక్టికల్స్, అవి కాగానే థియరీ పరీక్షలు. 2023-24లో నేనున్న రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లారకముందే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టేవాళ్లు, టెస్టు మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చేసేవాళ్లు, కట్టలుకట్టలుగా మెటీరియల్ ఇచ్చేవాళ్లు కానీ అందులో సగం షార్ట్‌కట్లే. ఆ టెన్షన్‌లో నాకు నిజంగా ధైర్యం ఇచ్చినవి ఈ రెండు పుస్తకాలు.

ఎందుకంటే ఇందులో లెక్క మొదటి స్టెప్పు నుంచి చివరి దాకా ఉంటుంది. ఐపీఈలో మార్కులు పడేది స్టెప్పులకే కదా. 2ఏలో మీన్ డీవియేషన్ (విలువలు సగటుకి ఎంత దూరంగా ఉన్నాయో చూసే లెక్క) తీసుకోండి, పట్టికలో ఏ నిలువు వరస తర్వాత ఏది రావాలో, మైనస్ గుర్తు ఎక్కడ వదిలేయాలో సాల్వ్ చేసిన లెక్కలోనే కనిపిస్తుంది, రెండుసార్లు చేతితో రాస్తే పరీక్షలో పెన్ను ఆగదు. 2బీలో రెండు వృత్తాలు బయటి నుంచి తాకే లెక్క కూడా అంతే: కేంద్రాల మధ్య దూరం, వ్యాసార్ధాల మొత్తం, రెండూ సమానమని చూపించి అప్పుడు స్పర్శబిందువుకి వెళ్లడం. షార్ట్‌కట్‌తో జవాబు వస్తుంది, పూర్తి మార్కులు రావు.

చాలా ఎక్సర్‌సైజ్‌లని I, II, III అని విడగొట్టడం నాకు బాగా నచ్చింది. మా అప్పుడు పేపరు 75 మార్కులకి ఉండేది, 2 మార్కులవి పది, 4 మార్కులవి ఏడు ఇస్తే ఐదు, 7 మార్కులవీ ఏడు ఇస్తే ఐదు రాయాల్సి వచ్చేది, ఈ విభజన దాదాపు దానికి తగ్గట్టే ఉంటుంది. అలసిపోయిన రాత్రి I ఒక్కటే చేసుకుని పడుకున్నా ఆ రోజు వృథా పోయినట్టు అనిపించదు.

జేఈఈకి ఇవి సరిపోవు, అది వేరే చదువు. మెయిన్‌లో 3 గంటల్లో 75 ప్రశ్నలు, తప్పుకి నెగెటివ్ మార్కులు, దానికి పాత పేపర్లు వేసుకుని గడియారం పెట్టుకుని చేయాల్సిందే. కానీ డిమూవర్ సిద్ధాంతం, బైనామియల్ సిద్ధాంతం, ఇంటిగ్రేషన్ లాంటి చాప్టర్లు ఇక్కడ గట్టిగా పట్టుకుంటే అక్కడ సగం భయం పోతుంది, 160 ప్రశ్నల ఎంసెట్‌లో 80 మ్యాథ్స్‌వే కాబట్టి ఇంకా కలిసొస్తుంది.

ఎక్సర్‌సైజ్‌లకి జవాబులే ఉంటాయి, సొల్యూషన్లు ఉండవు, కాబట్టి ముందు సాల్వ్ చేసిన లెక్కలన్నీ పూర్తి చేసి అప్పుడు ఎక్సర్‌సైజ్‌కి వెళ్లండి. కొనేముందు ఈ ఏడాది మీ బోర్డు సిలబస్ ఏదో ఒకసారి చూసుకోండి, సీనియర్ల పాత పుస్తకం తీసుకునేవాళ్లు మరీ ముఖ్యంగా.